చాంబర్ పగిలింది: అల్యూమినియం ఆయిల్ పాన్ వేయించాలా, స్టీల్‌దా, మళ్ళీ ప్లాస్టిక్‌దేనా?

గంటస్తంభం_180 (విజయనగరం)
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదవడమే తప్ప ఏమీ రాయలేదు, ఇప్పుడు గతి లేక రాస్తున్నా. బండి 2016 స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ, 180 పీఎస్, 7 స్పీడ్ డీఎస్‌జీ ఆటోమేటిక్. రెండేళ్ళ కింద హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

మొన్న ఆదివారం రాత్రి నేనూ మా బావమరిదీ అరకు నుంచి వస్తున్నాం. ఘాట్ దిగి ఎస్.కోట దాటాక రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, పైన టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఎదురుగా లారీ, హై బీమ్. దారి ఇద్దామని ఎడమకి తీశాను, కింద ఠప్ మని ఒకటే చప్పుడు. తప్పు నాదే, ఆ వెలుతురులో నేను వచ్చిన స్పీడ్ ఎక్కువ. ఒక అర నిమిషం లోపే స్క్రీన్ మీద ఎర్ర ఆయిల్ డబ్బా గుర్తు, బీప్ బీప్. వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాను. ఫోన్ లైట్ వేసి చూస్తే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవుండే చాంబర్ (ఆయిల్ పాన్ అన్నా అదే) మూల పగిలి, ఆయిల్ అంతా రోడ్డు మీద తారులా ఉంది. రికవరీ వ్యాన్ మీద ఎక్కించుకుని ఇంటికి చేరేసరికి తెల్లారింది.

ఇప్పుడు సంగతి ఏటంటే, ఎలాగూ పాన్ మార్చాలి కదా, మంచిదే వేద్దామని ఉంది. బయటి దేశం నుంచి తెప్పించే కాస్ట్ అల్యూమినియం పాన్ ఒకటి చూశాను. కింద రెక్కలు ఉంటాయి, లోపల బాఫిల్స్ (అడ్డుగోడలు) ఉంటాయి, ఒక లీటరు ఆయిల్ అదనంగా పడుతుందట. వచ్చే ఏడాది స్టేజ్ 1 ట్యూన్ (సాఫ్ట్‌వేర్ మార్చి ఇంజిన్ పవర్ పెంచడం) చేయించే ఆలోచన కూడా ఉంది. ఇంకో కారణం ఉంది, ఈ దెబ్బకి ముందే రెండుసార్లు అనంతగిరి ఘాట్‌లో మలుపు నుంచి బయటికి వస్తూ గట్టిగా తొక్కినప్పుడు ఆ ఎర్ర గుర్తు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. అంటే మలుపులో ఆయిల్ పక్కకి పోయి పంప్‌కి అందడం లేదనే కదా? బాఫిల్స్ ఉంటే ఆ బాధ తప్పుతుందని నా లెక్క. ఎవరైనా వేయించారా?

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
రైతు వడ్లకి కాపలా పెట్టిన రాయిని గుద్ది, పైగా ఆయన రోడ్డుకి ఆయిల్ పూసి వచ్చావా. బాగుంది తమ్ముడూ. ముందు ఆ ఊరెళ్ళి మట్టో ఇసకో జల్లించు, మోటార్ సైకిల్ వాళ్ళు జారిపోతారు.

గంటస్తంభం_180
పొద్దున్నే వెళ్ళి రంపపు పొట్టు జల్లించి వచ్చానన్నా. వడ్ల మీద ఒక్క చుక్క కూడా పడలేదు, ఆయనా ఏమీ అనలేదు. టీ కూడా ఇప్పించాడు.

ట్రాక్_పిచ్చి (మాది రాజాం, ఉద్యోగం చెన్నై)
నీ అనుమానం సరైన దారిలోనే ఉంది. దీన్నే ఆయిల్ స్టార్వేషన్ అంటారు. మామూలు కార్లలో వెట్ సంప్ ఉంటుంది, అంటే ఆయిల్ అంతా కింద చాంబర్‌లో నిలవుంటుంది, పంప్ దాన్ని ఒక గొట్టంతో పీలుస్తుంది. బండి గట్టిగా తిరిగినప్పుడో గట్టిగా బ్రేక్ వేసినప్పుడో ఆయిల్ ఒక గోడ వైపు ఎగబాకుతుంది, పీల్చే గొట్టం నోరు తేలిపోయి గాలి పీలుస్తుంది. గాలి పీలిస్తే ప్రెషర్ పడిపోతుంది. ముందు పోయేవి రాడ్ బేరింగ్‌లు, ఆ తర్వాత టర్బో షాఫ్ట్. బాఫిల్ అంటే చాంబర్ లోపల అడ్డుగోడలు, ఆయిల్ గొట్టం చుట్టూరా ఉండేట్టు ఆపుతాయి. ఖరీదైనవాటిలో ఒక వైపే తెరుచుకునే చిన్న తలుపులు కూడా ఉంటాయి, లోపలికి రానిస్తాయి, బయటికి పోనివ్వవు.

నేను ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నా పాత సివిక్ తోలుతాను, అందులో బాఫిల్ వేయించాకే మనశ్శాంతి. 2006 కార్వెట్ జెడ్06కి కంపెనీయే డ్రై సంప్ పెట్టి ఇచ్చింది, అంటే ఆయిల్‌ని చాంబర్‌లో కాకుండా విడిగా ఒక ట్యాంకులో ఉంచే పద్ధతి. ఇదంతా ఊరికే చేసే పని కాదు కదా. డబ్బుంటే అల్యూమినియందే వేసెయ్.

ఏడురోడ్ల_పానా (శ్రీకాకుళం)
నేను మెకానిక్‌ని, 22 ఏళ్ళుగా ఇదే పని. టైపింగ్ స్లో, తప్పులుంటే సర్దుకోండి.

బాబూ, పాన్ సంగతి తర్వాత. ముందు ఇవి చెప్పు. 1) ఎర్ర గుర్తు వచ్చాక ఇంజిన్ ఎంతసేపు తిరిగింది? 2) ఘాట్‌లో గుర్తు వెలిగినప్పుడు ఆర్‌పీఎం ఎంత, స్టీరింగ్ ఇంకా తిప్పి ఉందా, తిన్నగా వచ్చేసిందా? 3) ఆ రోజుల్లో డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) మీద ఆయిల్ ఎక్కడుంది? 4) ఈ చాంబర్ ఇంతకు ముందు ఎవరైనా విప్పారా?

గంటస్తంభం_180
నమస్తే పానా గారూ. 1) పది సెకన్లు కూడా ఉండదు. బావమరిది సాక్షి, వాడే ఆపు ఆపు అని అరిచాడు. 2) రెండో గేర్‌లో, 5000 పైన. స్టీరింగ్... ఇప్పుడు మీరు అడిగాక ఆలోచిస్తుంటే, మలుపు అయిపోయి తిన్నగా ఎక్కుతున్నప్పుడే అనిపిస్తోంది. 3) చూడలేదు, స్క్రీన్ మీద లెవెల్ గురించి ఏమీ రాలేదు కాబట్టి బాగానే ఉందనుకున్నా. 4) నేనైతే విప్పించలేదు. ముందు ఓనర్ దగ్గర సర్వీస్ రికార్డులో ఒక ఏడాదిన్నర ఖాళీ ఉంది.

ఫిజిక్స్_మాస్టారు (బొబ్బిలి)
ఇక్కడ కాస్త లెక్క వేద్దాం, ఊహలతో పాన్‌లు కొనకుండా.

బండి తిరుగుతున్నప్పుడు చాంబర్‌లో ఆయిల్ ఉపరితలం ఎంత వాలుతుందో చెప్పడం తేలిక. పక్కకి లాగే త్వరణాన్ని భూమ్యాకర్షణ త్వరణంతో భాగిస్తే వచ్చేది ఆ కోణం టాంజెంట్. పక్క త్వరణం సరిగ్గా 1 జీ అయితే ఆయిల్ 45 డిగ్రీలు వాలుతుంది. ఇప్పుడు మన ఘాట్ హెయిర్‌పిన్ తీసుకోండి. వ్యాసార్థం 15 మీటర్లు అనుకుందాం, బండి 30 కిలోమీటర్ల వేగం. అంటే సెకనుకి 8.33 మీటర్లు. వర్గం చేసి 15తో భాగిస్తే 4.6, అంటే 0.47 జీ. కోణం 25 డిగ్రీలు. అదే మలుపు 40లో తిప్పితే 0.84 జీ, 40 డిగ్రీలు. కానీ 40లో ఆ మలుపు తిప్పితే టైర్లు అరుస్తాయి, పక్క సీట్లో బావమరిది అంతకన్నా గట్టిగా అరుస్తాడు. అలా తిప్పారా?

పైగా ఆ 25 డిగ్రీలు ఉండేది రెండు మూడు సెకన్లు. లెవెల్ సరిగ్గా ఉన్న చాంబర్‌లో, అడుగున ఉండే గొట్టం నోరు దీనికే తేలిపోదు. అలా తేలిపోతే రోజూ ఆ ఘాట్ ఎక్కే వందల కార్లు ఏమైపోవాలి?

ట్రాక్_పిచ్చి
మాస్టారూ లెక్క బాగుంది కానీ రోడ్డు మీద గతుకులు, బ్రేక్, మలుపు మూడూ కలిస్తే ఆయిల్ ఎగిరి పడుతుంది, పుస్తకంలో గిన్నెలో నీళ్ళలా బుద్ధిగా వాలదు.

ఫిజిక్స్_మాస్టారు
ఒప్పుకుంటా. కానీ ఆయన బ్రేక్ వేస్తున్నప్పుడు కాదు, తిన్నగా ఎక్కుతూ 5000 మీద ఉన్నప్పుడు వెలిగిందంటున్నారు. అక్కడ పక్కకి లాగేది ఏముంది?

సాలూరు_ఘాట్_పిల్ల
హాయ్. నాది పోలో డీజిల్, స్టీల్ చాంబర్. అల్యూమినియం గొప్ప, స్టీల్ గొప్ప అనే వాళ్ళకి నా అనుభవం. మా ఊరి నుంచి కోరాపుట్ వైపు ఘాట్‌లో వానాకాలం కొండ మీంచి రాళ్ళు జారి రోడ్డు మీద పడి ఉంటాయి. అలాంటి రాయి ఒకటి తగిలింది. స్టీల్ కదా, పగల్లేదు, సొట్ట పడింది. చుక్క కూడా కారలేదు. నేను సంతోషంగా వారం రోజులు తిరిగాను. తర్వాత ఇంజిన్ టిక్ టిక్ అని చప్పుడు మొదలైతే విప్పించాం, ఆ సొట్ట లోపలికి వెళ్ళి పీల్చే గొట్టం నోటికి దాదాపు ఆనుకుని ఉంది. ఇంకొన్నాళ్ళు అలాగే తిరిగుంటే ఇంజిన్ పట్టేసేదన్నారు.

అంటే ప్లాస్టిక్ అయితే పగిలి వెంటనే చెప్పేస్తుంది. స్టీల్ సొట్టపడి చెప్పకుండా దాస్తుంది. పోత అల్యూమినియం ఎలాగూ గట్టి దెబ్బకి చీలుతుంది, రెక్కలున్నంత మాత్రాన రాయి ఊరుకోదు. ఏది వేసినా కింద గార్డ్ లేకపోతే వేస్ట్. నేను 3 ఎంఎం స్టీల్ గార్డ్ వేయించాను, అప్పటి నుంచి రెండుసార్లు తగిలింది, గార్డ్‌కి గీతలే.

నాగావళి_రైడర్ (శ్రీకాకుళం)
అక్కా గార్డ్ వేస్తే వేడెక్కదా? ఇంజిన్ కింద గాలి ఆడదని మా వాడొకడు వద్దన్నాడు.

సాలూరు_ఘాట్_పిల్ల
గాలికి చీలికలు, ఆయిల్ దింపడానికి ఒక కన్నం ఉన్నది వేయించుకోవాలి తమ్ముడూ. నాకు కూలెంట్ ముల్లు ఎక్కడుండేదో అక్కడే ఉంది. ఇంకో మాట, బిగించేది సబ్‌ఫ్రేమ్‌కి, అంటే ఇంజిన్ కింద ఉండే గట్టి ఫ్రేమ్‌కి బిగించాలి, పలచటి రేకుకి కాదు. మధ్యలో రబ్బర్ వాషర్లు లేకపోతే డబ్బాలో రాళ్ళేసినట్టు మోగుతుంది. వానాకాలం అయ్యాక ఒకసారి విప్పి బురద కడగాలి, లేకపోతే తడి పట్టి తుప్పు. కంపెనీ ఇచ్చే నల్ల ప్లాస్టిక్ షీట్‌ని చూసి గార్డ్ ఉందనుకోకండి, అది నీళ్ళూ బురదా పడకుండానే, రాయి ఆపడానికి కాదు.

ట్రాక్_పిచ్చి
ఈ పాయింట్‌కి తిరుగు లేదు. రాలీ బండ్లకి కూడా ముందు సంప్ గార్డ్, తర్వాతే మిగతావన్నీ.

జీడిపప్పు_టర్బో (పలాస)
ఈ ఇంజిన్ గురించి కొంచెం. మీది ఈఏ888 మూడో తరం. ఇదే కుటుంబంలో కొన్ని బండ్లకి కింది చాంబర్ స్టీల్ రేకుది వచ్చింది, కొన్నిటికి ప్లాస్టిక్‌ది. పైన ఇంకో భాగం ఉంటుంది, అది అల్యూమినియం, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ప్లాస్టిక్ అంటే చవక కక్కుర్తి అనుకుంటారు గానీ బరువు తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, తుప్పు పట్టదు. మంచి రోడ్ల మీద దాంతో ఇబ్బంది లేదు.

ప్లాస్టిక్‌కి డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దింపే బిరడా) కూడా ప్లాస్టిక్‌దే, పావు మలుపు తిప్పితే వచ్చేస్తుంది, ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి. చాలామంది పాతదే మళ్ళీ పెట్టేస్తారు, ఆ తర్వాత ఇంటి ముందు చుక్కలు. స్టీల్‌కి మామూలు ఎం14 బోల్ట్, 30 న్యూటన్ మీటర్లు బిగిస్తే చాలు. నేను స్టీల్‌కే ఓటేస్తాను. కాకపోతే చాంబర్ అడుగున ఆయిల్ లెవెల్ సెన్సార్ ఉంటుంది, కొత్త పాన్‌లో దానికి చోటు ఉందో లేదో చూడకుండా కొనకండి. లేకపోతే జీవితాంతం డ్యాష్ మీద పసుపు దీపం, దేవుడి ముందు పెట్టినట్టు.

రెక్కల గురించి. ఈ ఇంజిన్‌లో ఆయిల్ చల్లబరిచే పని చాంబర్‌ది కాదు, ఫిల్టర్ దగ్గరున్న కూలర్‌ది, అందులో కూలెంట్ తిరిగి ఆయిల్ వేడి లాగుతుంది. పైగా కింద షీట్ కప్పి ఉంటే ఆ రెక్కలకి గాలి ఎక్కడిది? నీ స్క్రీన్ మీద ఆయిల్ టెంపరేచర్ కనబడుతుంది కదా, ఘాట్‌లో ఎంత చూశావు?

గంటస్తంభం_180
ఎక్కువలో ఎక్కువ 108.

జీడిపప్పు_టర్బో
మరి చల్లబరచడానికి ఏముంది? అది ఆ ఆయిల్‌కి హాయిగా ఉండే వేడి. ట్రాక్ మీద 130 దాటితే అప్పుడు ఆలోచించాలి.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
ఒక లీటరు ఎక్కువ పడుతుందంటే పాన్ లోతు ఎక్కువే కదేటి. అంటే భూమికి ఇంకా దగ్గర. రాయి తగిలిందని చెప్పి రాయికి ఇంకో అంగుళం దగ్గరగా వెళ్తావా గుంటడా?

గంటస్తంభం_180
😅 అన్నా అది నేను ఆలోచించనే లేదు.

ట్రాక్_పిచ్చి
కొన్ని పాన్‌లు కిందికి కాకుండా పక్కలకి వెడల్పు చేస్తారు, రెక్కలు చాచినట్టు. కానీ అడ్డంగా పెట్టిన ఇంజిన్‌లో ఒక పక్క గేర్‌బాక్స్, ఇంకో పక్క డ్రైవ్ షాఫ్ట్, ఎగ్జాస్ట్. పెద్దగా చోటుండదు. సరే, ఈ విషయంలో నేను తగ్గుతున్నా. ఒకటి మాత్రం చెప్పాలి, పాన్ మార్చకుండా పాత దాంట్లోనే అర లీటరు ఎక్కువ పోసేద్దామని మాత్రం ఎవరూ చేయకండి. లెవెల్ మరీ పెరిగితే క్రాంక్ ఆయిల్‌ని కవ్వంలా చిలుకుతుంది, నురగ పడుతుంది, నురగ పీల్చినా గాలి పీల్చినట్టే.

ఇంకా నిన్ను భయపెట్టాలని కాదు గానీ స్టేజ్ 1 అన్నావు, నీ 7 స్పీడ్ డ్రై క్లచ్ గేర్‌బాక్స్‌ తట్టుకునే టార్క్ హద్దే 250 న్యూటన్ మీటర్లు. నీ ఇంజిన్ ఇప్పటికే అంతే ఇస్తోంది. ముందు బెంగ పెట్టుకోవాల్సింది అక్కడ.

క్లెయిమ్_అన్నయ్య (విజయనగరం)
ఇన్సూరెన్స్ సర్వే పని చేస్తాను, ఒక మాట చెప్పి పోతా. మీరు ఇంజిన్ వెంటనే ఆపడం వల్ల ఎంత లాభపడ్డారో మీకు తెలియదు. రాయి తగిలి చాంబర్ పగలడం యాక్సిడెంట్ కింద వస్తుంది. పగిలాక ‘దగ్గరే కదా, ఊరి దాకా వెళ్ళిపోదాం’ అని తోలి ఇంజిన్ పట్టేసిందనుకోండి, దాన్ని తర్వాతి పరిణామంగా చూస్తారు, మామూలు పాలసీలో ఆ ఇంజిన్ ఖర్చు రాదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ విడిగా ఉంటుంది, అది ఉన్నా షరతులు చదువుకోవాలి. నేను చూసిన ఇంజిన్ కేసుల్లో సగం బాధ ఆ చివరి రెండు కిలోమీటర్లదే.

రెండోది, విప్పక ముందే కంపెనీకి చెప్పండి, బండి కింద ఫొటోలు తీయండి. మూడోది, ప్లాస్టిక్, రబ్బరు పార్టులకి బండి వయసుతో పని లేకుండా 50 శాతం తరుగు కోస్తారు, జీరో డెప్ (తరుగు కోయని యాడ్ ఆన్) ఉంటే తప్ప. పైగా ప్లాస్టిక్ బదులు మీరు ఖరీదైన పాన్ వేయించుకుంటే ఆ తేడా మీ జేబులోంచే. చిన్న మొత్తానికి క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, వరసగా ఐదేళ్ళు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం దాకా వెళ్తుంది. లెక్క వేసుకోండి.

గంటస్తంభం_180
థాంక్స్ అన్నయ్యా, లెక్క వేస్తే క్లెయిమ్ చేయకపోవడమే మేలనిపించింది, బోనస్ 45లో ఉంది. ఇలా పాన్ మారిస్తే ఆర్‌టీవో తలనొప్పి ఏమైనా ఉంటుందా?

క్లెయిమ్_అన్నయ్య
మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఆర్‌సీలో రాసిన వివరాలు మారేలా బండిని మార్చకూడదంటుంది. ఆయిల్ చాంబర్ ఏ లోహమో ఆర్‌సీలో ఉండదు కదా. దిగులు పడకండి.

ఏడురోడ్ల_పానా
పొద్దున్న నుంచి రెండు బండ్లు, ఇప్పుడు తీరింది.

బాబూ నా అనుమానం చెప్తా. నీ బండికి పంప్ రెండు దశలు. తక్కువ ఆర్‌పీఎంలో తక్కువ ప్రెషర్, పైకి పోతే ఎక్కువ ప్రెషర్, పంప్ ఎక్కువ ఆయిల్ లాగుతుంది. పీల్చే గొట్టం నోటికి జల్లెడ ఉంటుంది, స్ట్రైనర్. ఆ జల్లెడ సగం మూసుకుపోయిందనుకో, మెల్లగా పోయినప్పుడు ఏమీ తెలీదు. 5000లో తొక్కితే చాలినంత రాదు, ఎర్ర గుర్తు. మలుపుకీ దానికీ సంబంధం లేదు, ఘాట్‌లో మాత్రమే నువ్వు రెండో గేర్‌లో అంత తొక్కుతావు కాబట్టి ఘాట్‌లో వచ్చింది. దీనికి బాఫిల్ పాన్ వేస్తే జబ్బు ఒకటి మందు ఒకటి.

మూసేది ఏటంటావా, నూటికి తొంభై పాళ్ళు సిలికాన్ పేస్ట్. ఎవడో ఇదివరకు చాంబర్ విప్పి, గట్టిగా ఉండాలని అన్నం ముద్దలా పేస్ట్ పెట్టి బిగిస్తాడు. సగం బయటికి, సగం లోపలికి పిండుకుంటుంది. లోపలిది ఆయిల్ వేడికి ఊడి జల్లెడకి అంటుకుంటుంది. మీ మెకానిక్‌ని కొత్త చాంబర్ బిగించక ముందు జల్లెడ ఫొటో తీసి ఇక్కడ పెట్టమను. తీయడం రాదంటే బండి నా దగ్గరికి పంపు.

గంటస్తంభం_180
మా అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం పక్కనే పానా గారూ, ఆమదాలవలస. మీ దగ్గరికే తెస్తా. జీడిపప్పు అన్న పంపిన లింక్‌లో స్టీల్ పాన్ ఆర్డర్ పెట్టాను, సెన్సార్‌కి చోటున్నది, ఛాసిస్ నంబర్ ఇచ్చి సరిపోతుందని రాయించుకున్నాను. అల్యూమినియందైతే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి పాన్ కన్నా ఎక్కువ చెప్పారు, అప్పుడే సగం మోజు తీరింది.

నాగావళి_రైడర్
విప్పే రోజు చెప్పండి, నేనూ వస్తా. టీ, పకోడీ నావి.

(తొమ్మిది రోజుల తర్వాత)

గంటస్తంభం_180
నిన్న శ్రీకాకుళంలో పని అయ్యింది. వివరంగా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

బండి లిఫ్ట్ మీద ఎక్కించి కింది షీట్ తీశారు. చాంబర్ అంచు చూడగానే పానా గారు ఏమీ మాట్లాడకుండా నన్ను పిలిచి వేలితో చూపించారు. అంచు చుట్టూ నల్ల సిలికాన్ పురుగులా బయటికి వచ్చి ఉంది, ఒక చోట బోల్ట్ తల మీద కూడా. కంపెనీ పని అలా ఉండదన్నారు. అంటే ఖాళీగా ఉన్న ఆ ఏడాదిన్నరలో ఎవరో విప్పారన్న మాట.

బోల్ట్‌లు తీశాక ఊడలేదు, అంత అతికించారు. స్క్రూడ్రైవర్ పెట్టి కొడతారేమో అనుకున్నా, కొట్టలేదు, అలా కొడితే పై భాగం అల్యూమినియం అంచు లోతుగా గీరుకుపోయి జన్మంతా కారుతుందట. పలచటి ప్లాస్టిక్ బద్ద దూర్చి పేస్ట్ కోస్తూ అరగంట తిరిగారు.

చాంబర్ దిగింది. జల్లెడ చూస్తే, నిజం చెప్తున్నా, నాకు చెమట పట్టింది. సగానికి పైగా నల్లటి రబ్బరు ముక్కలు, కొన్ని గోరంత, ఒకటైతే వానపాములా వేలెడు పొడుగు. ఇంకో పక్క పగిలిన చాంబర్ ప్లాస్టిక్ రేణువులు, అవి కొత్తవి. మాస్టారు చెప్పింది, పానా గారు చెప్పింది రెండూ నిజమే. ఘాట్ మలుపు పాపం చేసిందేమీ లేదు. నా తప్పు ఇంకొకటి కూడా బయటపడింది, డిప్‌స్టిక్ చూడలేదన్నాను కదా, కిందటి ఆయిల్ మార్పు తర్వాత ఆయిల్ ఎప్పుడూ పైన పోయలేదు. ఈ ఇంజిన్ కొంచెం ఆయిల్ తాగుతుందని తెలిసి కూడా. సన్నగా ఉన్న లెవెల్, మూసుకున్న జల్లెడ.

తర్వాత ఫిల్టర్ తీసి కాగితం మడతలు విప్పి ఎండలో పరిచి చూశారు. మెరుపు ఉందా అని. అయస్కాంతం పెట్టబోతే నవ్వారు, బేరింగ్ పొడి చాలావరకు దానికి అంటదట, కంటితోనే చూడాలట. ఏమీ కనబడలేదు. పది సెకన్లలో ఆపడం వల్లే అన్నారు. బావమరిదికి బిర్యానీ బాకీ పడ్డాను.

ఏడురోడ్ల_పానా
పేస్ట్ సంగతి నేను రాస్తా, అది అతను సరిగ్గా చూడలేదు, పకోడీ తింటున్నాడు.

రెండు అంచులూ పాత పేస్ట్ పోయేదాకా గీకాలి, లోహం గీరుకోకుండా. తర్వాత బ్రేక్ క్లీనర్ కొట్టి పొడి గుడ్డతో తుడవాలి. ఒక్క ఆయిల్ చుక్క ఉన్నా పట్టదు. పేస్ట్ 2, 3 ఎంఎం సన్న దారంలా, బోల్ట్ కన్నాలకి లోపలి వైపు నుంచి, మధ్యలో తెగకుండా ఒక్క చుట్టు. ఐదు నిమిషాల్లో చాంబర్ ఎక్కించెయ్యాలి. బోల్ట్‌లు చేత్తో అన్నీ ముందు పట్టించి, ఎదురెదురుగా రెండు మూడు దఫాలుగా, ఆఖరున టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్నంతే. చేతి అంచనా అంటే నాకూ 22 ఏళ్ళ అంచనా ఉంది, అయినా రెంచే. బిగించాక ఆయిల్ పోయడానికి తొందరెందుకు, రాత్రంతా వదిలేశా. పేస్ట్ డబ్బా మీద ఎన్ని గంటలు రాస్తే అన్ని గంటలు ఆగాలి.

పొద్దున్న ఆయిల్ పోసి, సెన్సార్ ప్లగ్ పెట్టి, ప్రెషర్ స్విచ్ ఉండే చోట గేజ్ తగిలించి స్టార్ట్ చేశాం. ముల్లు వెంటనే లేచింది. 4000 మీద కూడా నిలబడింది. అప్పుడు స్విచ్ మళ్ళీ పెట్టి ఇచ్చేశా.

ట్రాక్_పిచ్చి
పానా గారూ, నేనైతే బాఫిల్ పాన్ వేయించి జల్లెడ వైపు చూడకుండానే బిగించమనేవాణ్ణి. నిజాయితీగా చెప్తున్నా.

ఏడురోడ్ల_పానా
ట్రాక్ మీద మీరు చెప్పిందే కరెక్ట్ సార్. అక్కడ మెత్తటి టైర్లతో పొడుగు మలుపులు, ఆయిల్ గోడ ఎక్కి కూచుంటుంది. ఇక్కడ మనకి గోడ కన్నా గొయ్యి ఎక్కువ.

ఫిజిక్స్_మాస్టారు
ఆ వానపాము ముక్క ఫొటో పెట్టండి గంటస్తంభం గారూ, ఇంటర్ పిల్లలకి ద్రవ ప్రవాహం చెప్పేటప్పుడు చూపిస్తాను. అడ్డం వస్తే వేగం సంగతీ పీడనం సంగతీ బోర్డు మీద గీస్తే ఎవరికీ ఎక్కడం లేదు.

సాలూరు_ఘాట్_పిల్ల
అన్నీ బాగున్నాయి, గార్డ్ వేయించారా లేదా?

గంటస్తంభం_180
వేయించాను అక్కా, 3 ఎంఎం, సబ్‌ఫ్రేమ్‌కే, డ్రెయిన్ బోల్ట్ దగ్గర కన్నం ఉంది. మీ కథ విన్నాక ఇంకో అలవాటు కూడా, కింద ఏదైనా గట్టిగా తగిలితే కారకపోయినా సరే లిఫ్ట్ ఎక్కించి సొట్ట చూపించుకోవడం. ఈ ఆదివారం అదే ఘాట్ ఎక్కాను, అదే రెండో గేర్, 5500 దాకా. ఎర్ర గుర్తు రాలేదు. టెన్షన్‌తో రోడ్డు కన్నా డ్యాష్‌నే ఎక్కువ చూశాను, అదీ మంచిది కాదు. దిగేటప్పుడు ఆ రైతు దగ్గర ఆగాను, వడ్లు ఎత్తేశారు, రాళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి. ఇద్దరం కలిసి గట్టు మీదికి దొర్లించాం.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
వచ్చే పంటకి మళ్ళీ దొర్లించుకుంటాడులే.

కోట_బయట (కొత్త సభ్యుడు)
నమస్తే అందరికీ, ఈ స్టీల్ చాంబర్ నా పోలో 1.2 టీఎస్ఐకి సరిపోతుందా? లింక్ పెడతారా?

ఏడురోడ్ల_పానా
సరిపోదు బాబూ, అది వేరే ఇంజిన్. ఛాసిస్ నంబర్ ఇక్కడ పెట్టకు, నాకు విడిగా మెసేజ్ పెట్టు. ఇంతకీ ఎందుకు మారుస్తున్నావు, కారుతోందా?

కోట_బయట
లేదండీ, బాగానే ఉంది. ఈ పోస్టులన్నీ చదివాక భయమేసింది.

ఏడురోడ్ల_పానా
అయితే డిప్‌స్టిక్ చూసుకుని పడుకో.